అమానిటిన్: ఆలస్యంగా బయటపడే పుట్టగొడుగు విషం

పుట్టగొడుగు అన్న తెలుగు మాటలోనే అది మొలిచే చోటు ఉంది. తొలకరి జల్లులు పడిన కొద్ది రోజులకు చెదపుట్టల మీదా, వాటి చుట్టుపక్కలా నేలను చీల్చుకుని లేచే తెల్లని గొడుగును పల్లె జనం చూడగానే పోల్చుకుంటారు; కొన్ని ప్రాంతాల్లో దాన్నే పుట్టకొక్కు అంటారు. పెంటకుప్పల మీద, కుళ్లిన కట్టెల మీద, గోడ వారన మొలిచేవాటికి కుక్కగొడుగులని వేరే పేరు పెట్టి ముట్టకుండా వదిలేస్తారు. కన్నడంలో నాయికొడె, తమిళంలో నాయ్‌క్కుడై అన్న మాటలకు కూడా అర్థం అదే. పుట్ట మీద లేచేది టెర్మిటోమైసిస్ అనే ప్రజాతికి చెందినది. చెదపురుగులు పుట్ట లోపలి గదుల్లో దాని బూజును ఒక పంటలా పెంచుకుంటాయి. గొడుగు కాడ అడుగున వేరులా సన్నబడి, మట్టిలోంచి ఆ గది దాకా దిగి ఉంటుంది. అందుచేత పుట్ట అన్న పదం కేవలం పేరు కాదు, గుర్తుపట్టడానికి పెద్దలు ఆ పేరులోనే పెట్టిన ఆనవాలు. అయితే పుట్ట ఉన్నచోటనే ఆ ఆనవాలుకు విలువ.

బెంగళూరు అపార్టుమెంటు పచ్చికలో ఆ పుట్ట ఉండదు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి కట్టడం పనులకు వచ్చి వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు వైపు రేకుల షెడ్లలో ఉంటున్న కుటుంబాలకు గానీ, మారతహళ్లి చుట్టుపక్కల కాపురముంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వెంట వచ్చిన తల్లిదండ్రులకు గానీ, జూన్ వానలకు పచ్చికలో లేచిన తెల్లని గొడుగులు ఊళ్లో చూసినవాటిలాగే కనబడతాయి. కానీ ఆ పచ్చిక ఒకచోటి నుంచి, దాని కింది ఎర్రమట్టి మరొకచోటి నుంచి, మొక్కల మొదళ్లలో పరిచిన చెక్కపొట్టు ఇంకొకచోటి నుంచి వచ్చినవి. వాటితోపాటు ఏయే బూజులు వచ్చాయో ఆకారం చూసి చెప్పడం కుదరదు. ఊరి అనుభవం తప్పు కాదు; అది ఆ ఊరి నేలకు సంబంధించిన అనుభవం.

పచ్చికలో తరచుగా కనబడే వాటిలో క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ ఒకటి. విచ్చుకున్నది అరచేయంత, ఒక్కోసారి భోజనం పళ్లెమంత ఉంటుంది. తెల్లని గొడుగు మీద మధ్యలో లేత గోధుమరంగు పొలుసులు, కాడ చుట్టూ కడియంలాంటి వలయం. బోర్లించి చూస్తే లేత దశలో కింది రేకలు తెల్లగానే ఉంటాయి, ముదిరాక మాసిన ఆకుపచ్చకు తిరుగుతాయి. గొడుగును కోసి తెల్లకాగితం మీద పెట్టి, పైన గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేస్తే, తెల్లవారేసరికి కాగితం మీద రేకల వరుస ఎలా ఉందో అలాగే పసరురంగు పొడి ముగ్గు వేసినట్టు రాలి ఉంటుంది. ఆ పొడి దాని సిద్ధబీజాలు, అంటే పుట్టగొడుగుకు విత్తనాల్లాంటి రేణువులు. దీన్ని తిన్నవారికి సాధారణంగా 1 నుంచి 3 గంటల్లో వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. బాధ తీవ్రంగానే ఉంటుంది, పిల్లల్లో ఒంట్లో నీరు ప్రమాదకరంగా తగ్గిపోవచ్చు, కానీ పోయిన నీటిని భర్తీ చేస్తే చాలామంది ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటారు. ఈ విషం వెంటనే తన ఉనికి చాటుకుంటుంది. తిన్నది ఇంకా గుర్తుండగానే బాధ మొదలవుతుంది కాబట్టి, ఆసుపత్రికి వెళ్లినవారు కారణాన్ని తామే చెప్పగలుగుతారు.

ఈ వ్యాసం చర్చించే ఆల్ఫా అమానిటిన్ స్వభావం దీనికి పూర్తిగా భిన్నం. అది తిన్న తరువాత కనీసం ఆరు గంటలపాటు ఏ సూచనా ఇవ్వదు. దినపత్రికల్లో ‘విషపు పుట్టగొడుగులు తిని అస్వస్థత’ అన్న ఒకే శీర్షిక కింద ఈ రెండు రకాల సంఘటనలూ వస్తుంటాయి గానీ, ఒకటి పేగులకు కలిగే తాత్కాలిక బాధ, రెండోది కాలేయాన్ని నాశనం చేసే వ్యాధి. ఈ తేడాను చెప్పకుండా రాసే వార్త పాఠకులకు మేలు చేయదు.

ఆల్ఫా అమానిటిన్‌కు పెట్టింది పేరు అమనైటా ఫాలాయిడిస్, ఇంగ్లీషువారు డెత్ క్యాప్ అని పిలిచే పుట్టగొడుగు. దాని పుట్టిల్లు ఐరోపా. ఓక్ వంటి చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతుకుతుంది గనుక, ఆ చెట్ల నారుతోపాటు అమెరికా, ఆస్ట్రేలియా ఖండాలకు చేరింది. ప్రాణాంతకమైన పుట్టగొడుగు మరణాల్లో అత్యధికం దీనివల్లా, దీని దగ్గరి బంధువుల వల్లా జరిగేవే. ఇదే విషం కుళ్లిన కట్టెల మీద మొలిచే చిన్న గోధుమరంగు గలెరినా మార్జినేటాలోనూ, లెపియోటా ప్రజాతిలోని కొన్ని జాతుల్లోనూ ఉంది. మన దేశంలో 2021 ఏప్రిల్‌లో మేఘాలయలోని పశ్చిమ జైంతియా కొండల జిల్లాలో అడవి పుట్టగొడుగులు తిని ఆరుగురు చనిపోయారు. అక్కడ దొరికినది అమనైటా ఫాలాయిడిస్ అని అధికారులు తేల్చారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఎగువ అస్సాం తేయాకు తోటల ప్రాంతాల్లో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది మరణించారు. దక్షిణాదిన పశ్చిమ కనుమల అడవుల్లో అమనైటా ప్రజాతికి చెందిన జాతులు నమోదై ఉన్నాయి. ఆ ప్రజాతిలో విషం లేనివి, తినదగినవి కూడా ఉండడంవల్ల ప్రజాతి పేరు తెలిసినంత మాత్రాన ఏదీ తేలదు.

రసాయనపరంగా ఆల్ఫా అమానిటిన్ ఎనిమిది అమైనో ఆమ్లాల దండ. దండ రెండు కొసలూ కలిసిపోయి ఉంగరంలా ఉంటుంది. ఆ ఉంగరానికి అడ్డంగా ఇంకొక కట్టు ఉండడంవల్ల అది రెండు వలయాల గట్టి పంజరమవుతుంది. సాధారణ ప్రొటీనును మరిగిస్తే దాని మడతలు విడిపోతాయి, కడుపులోని ఎంజైములు దాని కొసల నుంచి కొరుక్కుంటూ పోతాయి. దీనికి కొసలే లేవు, విడిపోయే మడతలూ లేవు. అందువల్ల ఉడికించినా, నూనెలో వేయించినా, ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా ఈ విషం చెక్కుచెదరదు. జర్మనీలో హైన్రిష్ వీలాండ్ బృందం 1940ల తొలినాళ్లలో దీన్ని స్ఫటికాలుగా వేరు చేసింది. పుట్టగొడుగు దీన్ని ఎలా తయారు చేస్తుందన్నది మాత్రం 2007లో, అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని జన్యువును పట్టుకున్నప్పుడు తెలిసింది: మొదట దాదాపు 35 అమైనో ఆమ్లాల ప్రొటీను తయారవుతుంది, తరువాత ఒక ఎంజైము అందులోంచి ఎనిమిదింటిని కత్తిరించి వలయంగా ముడివేస్తుంది.

మనిషికి ప్రాణాంతకమైన మోతాదు కిలో బరువుకు సుమారు 0.1 మిల్లీగ్రాము. అంటే 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు, ఒక బియ్యపు గింజ బరువుకన్నా తక్కువ. ఒక పెద్ద డెత్ క్యాప్‌లోనే అంత ఉండవచ్చు. 15 కిలోల పిల్లవాడి విషయంలో ఆ లెక్క ఎక్కడికి వస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంత తక్కువ పదార్థం ఇంత హాని ఎలా చేస్తుందో తెలియాలంటే కణం లోపలికి వెళ్లాలి. కణకేంద్రకంలోని డీఎన్‌ఏను రిజిస్ట్రారు కచేరీలోని అసలు దస్తావేజుతో పోల్చవచ్చు. అసలు దస్తావేజు కచేరీ గడప దాటదు. బయట ఏ పని జరగాలన్నా దాని నకలు తీసుకునే వెళ్లాలి. కణంలో ఆ నకలు పేరు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. అది కేంద్రకం దాటి బయటికి వచ్చి, ఏ ప్రొటీను ఎలా కట్టాలో రైబోజోములకు చెబుతుంది. ఆ నకలు రాసే గుమస్తా ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2 అనే ఎంజైము. మామూలుగా అది నిమిషానికి వేల అక్షరాలు రాసుకుంటూ పోతుంది. అమానిటిన్ దాని కీలకమైన సందులో దూరి కూర్చున్నాక అదే ఎంజైము నిమిషానికి కొన్ని అక్షరాలకు మించి రాయలేదు. ఎంజైము ఊడిపోదు, విరగదు, డీఎన్‌ఏ మీదే ఉంటుంది, కానీ కదలదు. అమెరికన్ శాస్త్రవేత్త రోజర్ కోర్న్‌బర్గ్ బృందం 2002లో ఈస్టు కణపు పాలిమరేజ్‌ను అమానిటిన్‌తో కలిపి స్ఫటికంగా మార్చి, ఎక్స్‌రేలతో ఆ పట్టును చూపించింది. ఎంజైము నడిమధ్యలో వంతెనలాంటి ఒక భాగం ఉంది. ఒక్కొక్క అక్షరం రాసినప్పుడల్లా అది కొద్దిగా వంగి, మళ్లీ సర్దుకుంటేనే తంతువు ఒక అడుగు ముందుకు జరుగుతుంది. అమానిటిన్ ఆ వంతెనను పట్టుకుని ఆ కదలికను ఆపుతుంది. పాలిమరేజ్ నిర్మాణాన్ని, పని తీరును విప్పి చెప్పినందుకు కోర్న్‌బర్గ్‌కు 2006లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. విషం తయారుచేసే పుట్టగొడుగుకు మాత్రం ఈ ఇబ్బంది లేదు. దాని సొంత పాలిమరేజ్ అమానిటిన్‌కు లొంగదు.

విషం ఆలస్యంగా బయటపడడానికి కారణం ఈ ప్రక్రియలోనే ఉంది. కొత్త నకళ్లు ఆగిపోయినా, అప్పటికే బయటికి వెళ్లిన నకళ్లు ఇంకా పని చేస్తూనే ఉంటాయి. వాటినిబట్టి అంతకుముందే తయారైన ప్రొటీన్లు కూడా తమ ఆయుష్షు ఉన్నంతకాలం పని చేస్తాయి. కణం నిల్వ మీద బతుకుతుంది. గాదె నిండా ధాన్యం ఉన్న ఇంట్లో పంట పోయిన సంగతి ఆ రోజే పొయ్యి దగ్గర తెలియదు. ఏ కణాలకు కొత్త ప్రొటీన్ల అవసరం ఎక్కువో ఆ కణాలకే మొదట కొరత తగులుతుంది. పేగు లోపలి పొర కొద్ది రోజులకొకసారి పూర్తిగా కొత్తదవుతుంది కాబట్టి తొలి దెబ్బ దానికి. ఆ తరువాత కాలేయం. రక్తం గడ్డకట్టడానికి కావలసిన అంశాల్లో చాలావాటిని తయారుచేసేది కాలేయమే. వాటిలో ఏడో అంశం నిల్వ 4 నుంచి 6 గంటల్లోనే సగానికి పడిపోతుంది. అందుకే కామెర్లు కంటికి కనబడకముందే పీటీ, ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్షల్లో తేడా కనబడుతుంది. అదే కాలేయం తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రొటీను నిల్వ సగానికి తగ్గడానికి 20 రోజుల దాకా పడుతుంది గనుక, తొలి రోజుల్లో దాని అంకె చూసి కాలేయం బాగుందనుకోవడం పొరపాటు.

విషం ఒంటి నిండా తిరిగినా కాలేయాన్నే ఎక్కువగా దెబ్బతీయడానికి మరో కారణం ఉంది. పేగులో ఇంకినవాటిలో చాలావరకు ముందుగా కాలేయానికే చేరుతాయి. కాలేయ కణాల గోడల్లో పిత్తలవణాల వంటివాటిని లోపలికి తీసుకునే ద్వారాలు ఉన్నాయి. ఓఏటీపీ 1బీ3 అనే ద్వారం అమానిటిన్‌ను కూడా అలాగే లోపలికి రానిస్తుంది. లోపలికి వచ్చిన విషంలో కొంత పిత్తంతో కలిసి మళ్లీ పేగులోకి జారుతుంది, పేగు దాన్ని మళ్లీ పీల్చి కాలేయానికి అప్పగిస్తుంది. ఒకసారి తిన్న విషం ఇలా ఒకటికి రెండుసార్లు, మూడుసార్లు కాలేయం గుండా వెళ్తుంది. ఎక్కువ భాగం మూత్రంలో బయటికి పోతుంది కానీ, పోయే దారిలో మూత్రపిండాల సన్నని నాళాలను కూడా గాయపరుస్తుంది. ఇదే పుట్టగొడుగులో ఉండే ఫాలాయిడిన్ అనే మరో విషం కణాల అస్థిపంజరం లాంటి ఆక్టిన్ తంతువులను బిగించేస్తుంది. అయితే అది నోటి ద్వారా తీసుకున్నప్పుడు పేగు నుంచి రక్తంలోకి దాదాపుగా చేరదు కాబట్టి మరణాల బాధ్యత అమానిటిన్‌దే. ఫాలాయిడిన్‌కు మెరిసే రంగు అతికించి కణాల్లోని ఆక్టిన్‌ను చూడడానికి జీవశాస్త్ర ప్రయోగశాలల్లో రోజూ వాడుతుంటారు.

ఇక శరీరంలో జరిగే క్రమాన్ని బెంగళూరు దినచర్యలో పెట్టి చూడాలి. ఆదివారం సాయంత్రం ఏరుకొచ్చిన పుట్టగొడుగులను రాత్రి 9 గంటలకు కూర చేసుకుని తిన్నారనుకుందాం. రాత్రి హాయిగా నిద్రపడుతుంది. సోమవారం ఉదయం 8 గంటలకు బయట హోటల్లో ఇడ్లీ తింటారు. 9, 10 గంటల ప్రాంతంలో వాంతులు, కలరాను తలపించే నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. అప్పుడు ఎవరైనా నిందించేది ఇడ్లీని, చట్నీని, హోటలు నీళ్లను. రాత్రి కూర ఎవరికీ గుర్తురాదు, ఎందుకంటే దాన్ని తిని 12 గంటలైంది, ఇంటిల్లిపాదీ తిన్నారు, రాత్రంతా ఎవరికీ ఏమీ కాలేదు. క్లినిక్‌లో ‘ఏం తిన్నారు?’ అన్న ప్రశ్నకు ‘అన్నం, కూర’ అన్న జవాబు వస్తుంది. కన్నడం అంతంతమాత్రంగా వచ్చిన కూలి మనిషికి పుట్టగొడుగుకు కన్నడ పేరైన అణబె అన్న మాట తెలియకపోతే, ఏ కూర అన్నది చెప్పడానికి ఇంకొక అడ్డు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆగే మందిచ్చి, ఓఆర్‌ఎస్ పొట్లాలతో ఇంటికి పంపుతారు.

మంగళవారం నాటికి వాంతులు తగ్గుతాయి, విరేచనాలు ఆగుతాయి, మజ్జిగన్నం తినాలనిపిస్తుంది. ఇదే అత్యంత ప్రమాదకరమైన ఘట్టం. తిన్న 24 గంటల నుంచి 72 గంటల మధ్య వచ్చే ఈ తేరుకోవడం నిజమైనది కాదు. పైకి మనిషి బాగున్నట్టు కనబడుతున్న ఆ గంటల్లోనే, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అంకెలు వందల నుంచి వేలకు ఎగబాకుతుంటాయి, ఐఎన్‌ఆర్ పెరుగుతుంటుంది. రక్తం తీసి చూస్తే తప్ప ఆ సంగతి తెలియదు. తగ్గిపోయిందనుకున్న మనిషి రక్తం ఎవరు తీస్తారు? బుధ, గురువారాలకు కళ్లు పచ్చబడతాయి, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, కాలేయం చక్కెరను విడుదల చేయలేక రక్తంలో గ్లూకోజ్ పడిపోతుంది, పేరుకుపోయిన అమ్మోనియా మెదడుకెక్కి మాట తడబడుతుంది. ఆ తరువాత అపస్మారకం, మూత్రపిండాల వైఫల్యం. 2023 జూలై 29న ఆస్ట్రేలియాలోని లియోన్‌గాతా పట్టణంలో డెత్ క్యాప్ కలిపిన మధ్యాహ్న భోజనం తిన్న నలుగురిలో ముగ్గురు వారం రోజుల్లో మరణించారు. నాలుగోవారు వారాల తరబడి ఆసుపత్రిలో ఉండి బతికారు. భోజనం చేసిన ఆ సాయంత్రం వారిలో ఎవరికీ ప్రాణాపాయం ఉందన్న అనుమానం రాలేదు.

వండేముందు పరీక్షించుకోవచ్చన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. కూరలో వెండి నాణెం వేస్తే నల్లబడుతుందని, పసుపు రంగు మారుతుందని, వెల్లుల్లి నల్లనవుతుందని, బియ్యం ఎర్రబడుతుందని రకరకాలుగా చెబుతారు. వెండి నల్లబడేది గంధకపు సమ్మేళనాలవల్ల. ఉడికిన కోడిగుడ్డు తగిలినా అది నల్లబడుతుంది. అమానిటిన్‌కు రంగు లేదు, వాసన లేదు, చేదు లేదు. తిని బతికినవారు కూర రుచిగానే ఉందని చెప్పిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. పురుగులు తిన్నదాన్ని మనిషి తినవచ్చన్నది మరో నమ్మకం. నత్తలు డెత్ క్యాప్‌ను కొరుకుతాయి. పుట్టగొడుగుల మీద పెరిగే కొన్ని జాతుల డ్రోసోఫిలా ఈగల పిల్లలు అమానిటిన్ నిండిన గుజ్జులోనే ఎదుగుతాయి. ఉడికించి నీళ్లు పారబోస్తే విషం పోతుందన్న మాటకు మాత్రం ఒక మూలం ఉండవచ్చు: జైరోమిట్రిన్ అనే వేరొక పుట్టగొడుగు విషం ఆవిరితోనూ నీటితోనూ కొంతవరకు పోతుంది. అమానిటిన్ పోదు. ఈ నమ్మకాలన్నిటి వెనుకా ఒకే ఊహ ఉంది: విషమైనది ఏదో ఒక విధంగా పైకి తేలుతుందన్న ఊహ. అమానిటిన్ విషయంలో ఆ ఊహకే ఆధారం లేదు.

ఊరు మారినప్పుడు వచ్చే పొరపాటు తెలుగువారికి మాత్రమే పరిమితమైనది కాదు. ఆగ్నేయాసియా నుంచి అమెరికాకు వలస వెళ్లినవారు డెత్ క్యాప్‌ను తమ వరిగడ్డి పుట్టగొడుగు అనుకుని తిన్న ఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. లేత దశలో రెండూ గుడ్డులా ఒక పొరలో చుట్టుకుని ఉంటాయి, పెరిగాక రెండింటికీ అడుగున ఆ పొర సంచిలా మిగులుతుంది. తేడా సిద్ధబీజాల రంగులో ఉంది: వరిగడ్డి పుట్టగొడుగుది గులాబీ ఛాయ, అమనైటాది తెలుపు. పుట్ట మీది టెర్మిటోమైసిస్‌ది కూడా గులాబీ ఛాయే. అయితే ఈ రంగు పరీక్ష నిపుణులు జాతిని తేల్చడానికి వాడే అనేక ఆధారాల్లో ఒకటి మాత్రమే. దాన్ని పట్టుకుని వంటకు అనుమతి ఇచ్చుకోవడం వెండి నాణెం పరీక్షకన్నా మెరుగైన పని కాదు.

సాగు చేసి అమ్మే బటన్, ఆయిస్టర్, పాల పుట్టగొడుగుల్లో అమానిటిన్ ఉండదు. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ పుట్టగొడుగుల విత్తనం తయారీలో, సాగులో ఏళ్లుగా పనిచేస్తోంది. అలాంటి చోటి నుంచి తెచ్చిన విత్తనంతో సంచుల్లో పెంచినదాన్ని ఈ భయంతో మానేయనక్కరలేదు.

వైద్యులు లెక్కలోకి తీసుకునే మొదటి అంకె తినడానికీ బాధ మొదలవడానికీ మధ్య గడిచిన కాలం. ఇనోసైబీ జాతుల్లోని మస్కరిన్ అరగంట, గంటలోనే చెమటలు, లాలాజలం, కన్నీరు ధారలు కట్టిస్తుంది. దానికి అట్రోపిన్ విరుగుడు. పచ్చిక మీది క్లోరోఫిల్లమ్ మూడు గంటల్లోపే బయటపడుతుంది. ఆరు గంటలు దాటాక మొదలైన వాంతులు అమానిటిన్ కావచ్చని అనుమానించి తీరాలి. కార్టినేరియస్ జాతుల్లోని ఒరెలనైన్ ఇంకా ఆలస్యం; రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు గడిచాక మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి తెలుస్తుంది. ఈ సూత్రానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. ఏరుకొచ్చిన బుట్టలో రెండు మూడు జాతులు కలిసి ఉంటే, తొందరగా పనిచేసే విషం రెండు గంటల్లో వాంతులు చేయించి, దాని చాటున అమానిటిన్ నింపాదిగా తన పని చేసుకుపోతుంది. బాధ తొందరగా మొదలైంది కదా అని ప్రాణాపాయం లేదనుకోకూడదు.

అమానిటిన్‌కు నిర్ధారితమైన విరుగుడు ఇప్పటికీ లేదు. ఉన్న చికిత్స అంతా విషాన్ని కాలేయానికి చేరనీయకుండా, చేరినదాన్ని తిరగనీయకుండా, త్వరగా బయటికి పంపేలా చేసే ప్రయత్నం. సిరల ద్వారా ద్రవాలు ఎక్కించి మూత్రం ధారాళంగా వచ్చేలా చూస్తారు. పిత్తంతో మళ్లీ పేగులోకి దిగే విషాన్ని పట్టుకోవడానికి యాక్టివేటెడ్ బొగ్గును పదేపదే ఇస్తారు. ఆలస్యంగా వచ్చినవారికి కూడా ఇది ఇవ్వడానికి కారణం ఆ తిరుగుడే. పాలతిస్తిల్ అనే ముళ్లమొక్క గింజల నుంచి తీసిన సిలిబినిన్ కాలేయ కణాల ద్వారాలను అడ్డగిస్తుంది. ఐరోపాలో దీన్ని సిరలోకి ఎక్కిస్తారు. ఎన్-అసిటైల్ సిస్టీన్ కాలేయ కణాలకు ఆసరా. పెన్సిలిన్‌ను దశాబ్దాలుగా వాడుతున్నా దాని ఉపయోగం మీద ఏకాభిప్రాయం లేదు. ఒకప్పుడు సగానికి పైగా ఉన్న మరణాల శాతం మంచి వైద్య సదుపాయాలున్న చోట 10 నుంచి 20కి తగ్గింది. ఇందులో ఏ ఒక్క మందుకన్నా ఇంటెన్సివ్ కేర్‌కు, కాలేయ మార్పిడికి దక్కవలసిన వాటా ఎక్కువని చెప్పాలి.

2023లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో చైనా, ఆస్ట్రేలియా పరిశోధకుల వ్యాసం ఒకటి వచ్చింది. అమానిటిన్ కణాన్ని చంపడానికి ఎస్‌టీటీ3బీ అనే ప్రొటీను సాయం అవసరమని గుర్తించి, దాన్ని అడ్డుకోగల మందుల కోసం వెతికితే వారికి తగిలింది ఇండోసయనిన్ గ్రీన్, కంటి పరీక్షల్లో ఏళ్లుగా వాడుతున్న ఒక రంగు. ఎలుకల్లో అది కాలేయానికి జరిగే హానిని తగ్గించింది, మరణాలను తగ్గించింది. కానీ విషం ఇచ్చిన తరువాత దాన్ని ఇవ్వడం ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతూ వచ్చింది. మనుషుల్లో నిరూపణ అయ్యేదాకా దీన్ని చికిత్సగా చెప్పకూడదు. నిరూపణ అయినా, తిన్నాక 12 గంటలకు గానీ వాంతి కాని రోగికి ఆ మందు సకాలంలో ఎలా అందుతుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

కాలేయ మార్పిడి విషయంలోనూ అంతే. కర్ణాటకలో అవయవాల కేటాయింపు చూసేది జీవసార్థకతె సంస్థ. హఠాత్తుగా కాలేయం విఫలమైనవారిని అత్యవసర వరుసలో చేర్చవచ్చు, కుటుంబంలోనివారు తమ కాలేయంలో కొంత భాగం ఇవ్వవచ్చు. ఏ దారి పట్టినా రక్తపరీక్షలు, దాత పరీక్షలు, అనుమతులు కలిపి కొన్ని విలువైన రోజులు కావాలి. ఆ రోజులు తేరుకున్నట్టు కనబడే మంగళవారం నాడు మొదలుకావాలి, స్పృహ తప్పిన గురువారం నాడు కాదు.

అందువల్ల ఏరుకొచ్చిన పుట్టగొడుగులు తిన్న ఇంట్లో ఒక్కరికి వాంతులు మొదలైనా, కాలేయ వైద్యం ఉన్న పెద్ద ఆసుపత్రికే నేరుగా వెళ్లడం అవసరం. వెంట తీసుకెళ్లవలసినవి కొన్నున్నాయి. వండని పుట్టగొడుగు మిగిలితే దాన్ని కాడ అడుగు సంచితో సహా కాగితం పొట్లంలో కట్టాలి. ప్లాస్టిక్ కవరులో అది చెమర్చి కొద్ది గంటల్లో కుళ్లిపోతుంది. మిగిలిన కూర, చెత్తబుట్టలో పడేసిన కాడలు, తొక్కలు కూడా పనికొస్తాయి. మొలిచిన చోటును, పక్కన ఉన్న చెట్టును ఫోనులో ఫొటో తీస్తే గుర్తించేవారికి సులువు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం రాత్రింబవళ్లు వైద్యులకు సలహా ఇస్తుంది, వారు మొదట అడిగేవి ఈ వివరాలనే. ఒక కాగితం మీద ఎన్ని గంటలకు తిన్నారో, ఎన్ని గంటలకు మొదటి వాంతి అయిందో రాయాలి. దాని కింద ఆ కూర తిన్న ప్రతి ఒక్కరి పేరు, వయసు, సుమారు బరువు ఉండాలి. ఇంకా ఏ బాధా లేక ఇంట్లో ఆడుకుంటున్న పిల్లల పేర్లు కూడా అందులో ఉండాలి. వారి రక్తం కూడా ఆ రోజే తీసి చూడాలి.